గొట్టం మైకుల కాలం

ఎన్టీఆర్ పార్టీ పెట్టిన రోజుల గురించి ఎవరు మాట్లాడినా ఖాకీ బట్టలు, చైతన్య రథం, హారతి పళ్ళాలు అంటూ మొదలుపెడతారు. నాకు మాత్రం ముందు మా వసారాలో ఉండే అహూజా యాంప్లిఫయర్ గుర్తొస్తుంది. అది వేడెక్కితే లోపల దుమ్ము కాలుతున్న వాసన వచ్చేది. మాది మైకు సెట్టు ఇల్లు. గుడివాడకీ పామర్రుకీ మధ్య ఒక ఊరు. చుట్టుపక్కల పెళ్ళికైనా, శ్రీరామనవమి పందిరికైనా, సినిమా ప్రచారానికైనా, పార్టీ మీటింగుకైనా మా నాన్న సెట్టే వెళ్ళేది.

సామాను పెద్దదేం కాదు. రెండు యాంప్లిఫయర్లు, నాలుగు గొట్టాలు, రెండు మైకులు (ఒకటి పనిచేసేది, రెండోది మనసైతే పనిచేసేది), ఒక ఫియెస్టా రికార్డు ప్లేయరు, చెక్కపెట్టె నిండా రికార్డులు, రెండు లారీ బ్యాటరీలు. కరెంటుని నమ్ముకుంటే పెళ్ళి మధ్యలో పరువు పోతుందని బ్యాటరీలు ఎప్పుడూ చార్జింగు చేయించి ఉంచేవాడు. గొట్టం వెనక బిగించే యూనిట్ అంటే నాన్నకి ప్రాణం. లోపల పల్చటి డయాఫ్రం ఉంటుంది, ఎవరైనా మైకు నోట్లో పెట్టుకుని అరిస్తే అది చిరిగిపోతుంది, ఇక ఆ రోజు వచ్చిన కిరాయి దానికే పోతుంది. అందుకని మీటింగుల్లో నాన్న యాంప్లిఫయర్ పక్కనే నేల మీద గొంతుక్కూర్చుని నాబ్ మీద చెయ్యి పెట్టుకుని ఉండేవాడు. నాయకుడు ఎంత పెద్దవాడైతే నాన్న నాబ్ అంత కిందికి తిప్పేవాడు. వాళ్ళకి తెలిసేది కాదు. ఈ దేశంలో నాయకుల సౌండు తగ్గించగలిగిన మనిషి మా నాన్నే అని చాలా ఏళ్ళు గర్వంగా ఉండేది నాకు.

గుడివాడలో కొత్త సినిమా పడితే పల్లెల్లో ప్రచారం మా బాబాయిది. రిక్షాకి రెండువైపులా తడికెలు కట్టి వాటి మీద వాల్‌పోస్టర్లు అంటించేవాడు. పైన ఒక గొట్టం ముందుకి, ఇంకోటి వెనక్కి. సీటు మీద బ్యాటరీ, దాని పక్కన తను, ఒళ్ళో గులాబీరంగు కరపత్రాల కట్ట. "నేడే చూడండి! మీ అభిమాన థియేటర్లో! రోజూ మూడు ఆటలు!" ఆ "నేడే"ని ఎంత సాగదీసేవాడంటే అది అయ్యేలోపు రిక్షా ఒక సందు దాటేది. మేం పిల్లలం కరపత్రాల కోసం వెనక పరిగెత్తేవాళ్ళం, చదవడానికి కాదు, ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వాడు గొప్ప.

ఎలక్షన్లొస్తే అదే రిక్షా, అవే తడికెలు, అదే బాబాయి. తడికె మీద పోస్టరు ఒక్కటే మారేది. "మీ అమూల్యమైన ఓటును" అన్నప్పుడు కూడా అదే సాగదీత, అదే రాగం. ఓసారి పంచాయతీ ఎలక్షన్లలో పొద్దున సినిమా ప్రచారం, సాయంత్రం అభ్యర్థి ప్రచారం ఒకే రోజు పడ్డాయి. సాయంత్రానికి గొంతూ బుర్రా రెండూ అలిసిపోయి, అభ్యర్థి పేరు, గుర్తు అన్నీ సరిగ్గా చెప్పి చివర్లో "తప్పక చూడండి!" అనేశాడు. వెనకాల నడిచి వస్తున్న అభ్యర్థికి కోపం రాలేదు, "చూస్తారులేరా, ముందు ఓటెయ్యమను" అన్నాడట. ఆ ముక్క మా ఊళ్ళో చాలాకాలం తిరిగింది. ఎవరైనా సర్పంచి దగ్గరికి పనిమీద వెళ్తుంటే "తప్పక చూడండి" అని నవ్వేవాళ్ళు.

మీటింగు అంటే ముందు జనం రావాలి. జనం రావాలంటే పాట వెయ్యాలి. సాయంత్రం ఆరింటికి మీటింగు అంటే నాయకుడు ఎనిమిదింటికి గానీ రాడు, ఆ రెండు గంటలూ మైకు సెట్టువాడి ప్రతిభే. దీనికి నాన్న దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణ డైలాగుల రికార్డు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణలు, దుర్యోధనుడి సభ సీను, అది ఒక్కసారి గొట్టంలోంచి వస్తే పొలాల్లోంచి, పేకాట దగ్గర్నుంచి, వంటింట్లోంచి మనుషులు వచ్చేసేవాళ్ళు. సినిమా చూడనివాళ్ళకి కూడా ఆ సమాసాలు నోటికొచ్చు. అర్థం తెలిసి కాదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసి. మా క్లాసులో తెలుగు పద్యం అప్పజెప్పలేక గోడకుర్చీ వేసినవాళ్ళు కూడా ఆ సీను మొత్తం తడుముకోకుండా చెప్పేవాళ్ళు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, 1982 మార్చి దాకా మా వైపు కాంగ్రెస్ మీటింగులకి జనాన్ని పోగేసిపెట్టింది ఎన్టీఆర్ గొంతే. నాన్న ఆ రికార్డు వేసేవాడు, జనం వచ్చేవాళ్ళు, అప్పుడు రికార్డు ఆపి నాయకుడికి మైకు ఇచ్చేవాళ్ళు. ఇది ఎవరికీ వింతగా తోచలేదు. ఆయన సినిమా మనిషి, వీళ్ళు రాజకీయం మనుషులు, అంతే. కమ్యూనిస్టులు ఒక్కళ్ళే వద్దనేవాళ్ళు, వాళ్ళకి వాళ్ళ పాటలు ఉన్నాయి కాబట్టి. మా తాతయ్య తరం వాళ్ళు ప్రజానాట్యమండలి రోజులు చూసినవాళ్ళు, నాజర్ బుర్రకథ చెప్తే పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వెళ్ళినవాళ్ళు. తాతయ్య దృష్టిలో పార్టీకి ముందు పాట రావాలి, జెండా తర్వాత. సినిమా వాడు రాజకీయాల్లోకి వస్తున్నాడంటే జనం ముక్కున వేలేసుకున్నారని పేపర్లు రాశాయి గానీ మా తాతయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. ఒంగోలు నుంచి సినిమా నటుడు జగ్గయ్య 1967లోనే పార్లమెంటుకి వెళ్ళాడు కదా అన్నాడు.

1982 మార్చి 29న పార్టీ పేరు చెప్పాక నాన్నకి కష్టాలు మొదలయ్యాయి. ఆ వారంలోనే ఒక కాంగ్రెస్ పెద్దమనిషి వచ్చి "ఇక ఆ రికార్డు వెయ్యడానికి వీల్లేదయ్యా" అన్నాడు. సరే, మరి ఏం వెయ్యాలి? పాటలు వేస్తానన్నాడు నాన్న. తర్వాత మీటింగులో ఘంటసాల పాట పెట్టాడు. ఆ పెద్దమనిషి స్టేజి మీంచి వంగి "ఇదెవరి పాట?" అన్నాడు.

"ఘంటసాల గారిదండీ."

"అది కాదయ్యా, తెర మీద ఎవరు?"

తెర మీద ఆయనే. పాట మార్చారు. మళ్ళీ ఆయనే. నాన్న పెట్టెలో అక్కినేని పాటలు ఉన్నాయి, అక్కినేనిది కూడా మా గుడివాడ వైపే, అవి వేశారు. కానీ అవన్నీ విషాద గీతాలు, మీటింగు ముందు వేస్తే జనం దిగాలుగా కూర్చున్నారు. ఇంకోసారి ఎవరో తెలివిగా "ఏ గొడవా లేకుండా ఘంటసాల భగవద్గీత పెట్టు" అన్నారు. పెట్టాడు. అది మా వైపు ఎప్పుడు వినిపిస్తుందో తెలుసుగా. పది నిమిషాల్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కంగారుగా వచ్చి "ఎవరండీ, ఎప్పుడు పోయారు?" అని అడిగారు. ఆ రోజు మీటింగుకి వచ్చిన జనంలో సగం పరామర్శకి వచ్చినవాళ్ళే అని బాబాయి పందెం వేసి చెప్పేవాడు.

తెలుగుదేశం వాళ్ళకి ఈ బాధ లేదు. వాళ్ళ పాట కూడా రెడీమేడుగా ఉంది. "చెయ్యెత్తి జైకొట్టు తెలుగోడా" రాసింది కమ్యూనిస్టు నాయకుడు వేములపల్లి శ్రీకృష్ణ. 1952లో పల్లెటూరు సినిమాలో ఘంటసాల పాడాడు, ఆ సినిమా హీరో రామారావు. ముప్ఫై ఏళ్ళ తర్వాత అదే పాట అదే మనిషి పార్టీ మీటింగులో మోగుతుంటే మా ఊరి కమ్యూనిస్టులకి ఎలా ఉంటుందో చూడండి. తాతయ్య స్నేహితుడొకాయన రచ్చబండ మీద కూర్చుని ఆ పాట వినిపించినప్పుడల్లా "మాది, మాది" అనేవాడు, వినేవాళ్ళు లేకపోయినా.

మా వైపు అభిమాన సంఘాల వాళ్ళంతా రాత్రికి రాత్రి పార్టీ కార్యకర్తలైపోయారు. సినిమా రిలీజుకి తోరణాలు కట్టే కుర్రాళ్ళు జెండాలు కట్టారు, అంతే తేడా. ఆ జులైలో బొబ్బిలిపులి వచ్చింది. దాసరి నారాయణరావు తీసిన ఆ సినిమాలో కోర్టు సీను నడుస్తుంటే హాల్లో జనం చప్పట్లు కొట్టడం కాదు, లేచి నిలబడి నినాదాలు ఇవ్వడం చూశాను. ఏది సినిమా, ఏది మీటింగు అని ఎవరూ అడగలేదు. బయటికి వస్తే గేటు దగ్గర సభ్యత్వం పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ కుర్రాళ్ళు.

ఎన్టీఆర్ మా రోడ్డు మీదికి వచ్చింది చలికాలంలో, ఎలక్షన్లు దగ్గర పడ్డాక. సాయంత్రానికి వస్తారన్నారు. వరి కోతలైపోయి కళ్ళాల్లో కుప్పలున్నాయి, జనం చేతిలో పని వదిలేసి రోడ్డుకి వచ్చేశారు. ఆరయింది, తొమ్మిదయింది, పన్నెండయింది. ఇదిగో పామర్రు దాటారు, అదిగో వంతెన దగ్గర ఉన్నారు అని సైకిలు మీద వచ్చేవాళ్ళు చెప్పడమే. అన్ని గంటలూ జనాన్ని కూర్చోబెట్టింది నాన్న. పాటలన్నీ అయిపోయాయి, డైలాగులు రెండుసార్లు అయిపోయాయి, సూది అరిగిపోతోందని గింజుకుంటున్నాడు. చంటిపిల్లలు తల్లుల ఒళ్ళో నిద్రపోయారు. కొంతమంది గడ్డి తెచ్చి మంటలు వేసుకున్నారు. మా అమ్మమ్మ దుప్పటి కప్పుకుని కాలవ గట్టు మీద కూర్చుని, "రానీ, వచ్చేదాకా చూద్దాం, ఇంతమందిమి కలిసి మేలుకుని ఎన్నాళ్ళయింది" అంది. దివిసీమ ఉప్పెన రోజులు తల్చుకుంటోంది. 1977 నవంబరులో ఆ ఉప్పెన వచ్చినప్పుడు మా ఊరి జనం రాత్రంతా ఇలాగే రోడ్డు మీద ఉన్నారట, అటు నుంచి వచ్చేవాళ్ళకి అన్నాలు వండి పెట్టడానికి. ఆ తర్వాత సినిమావాళ్ళు జోలె పట్టి విరాళాలు పోగు చేశారు, ఎన్టీఆర్, ఏఎన్నార్ కూడా. సినిమా బొమ్మ దగ్గరకొచ్చి చెయ్యి చాపి అడగడం మా వైపు వాళ్ళకి అప్పటికే అలవాటైన సంగతి. రాజకీయ విశ్లేషకులు ఈ ముక్క ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

తెల్లారగట్ల వచ్చింది రథం. హరికృష్ణ నడుపుతున్నాడని గుసగుస. పైన ఆయన. నేను చూసింది ఆయన ముఖం కన్నా ఎక్కువ మా నాన్న ముఖం. ఎందుకంటే రథానికి సొంత మైకు సెట్టు ఉంది, నాన్న గొట్టాలతో పని లేదు. అయినా యాంప్లిఫయర్ వదిలేసి బండి దగ్గరికి వెళ్ళి, అందరూ ఆయన్ని చూస్తుంటే తను గొట్టాలు ఎలా బిగించారో చూస్తున్నాడు. ఆయన మాట్లాడటం మొదలెట్టాడు. "తెలుగింటి ఆడపడుచులారా" అన్నాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. మా రికార్డులో ఉన్న గొంతు కాదది. నెలల తరబడి అరిచి అరిచి చితికిపోయిన గొంతు. కానీ మాట ఎక్కడ ఆపాలో, ఎక్కడ పెంచాలో అదంతా అలాగే ఉంది, మేం చిన్నప్పటి నుంచీ విన్నట్టే. నాన్న తిరిగొచ్చి ఒకే ముక్క అన్నాడు, "మైకు నోటికి దూరంగా పట్టుకుంటున్నాడు. పనోడు."

ఆయన మాట్లాడింది పదిహేను నిమిషాలు కూడా ఉండదు. జనం అప్పటికి పది గంటలు కూర్చున్నారు.

రాముడూ కృష్ణుడూ వేషాలు చూసి జనం వెర్రెక్కి ఓట్లేశారని ఇప్పటికీ అంటుంటారు, ముఖ్యంగా బయటి రాష్ట్రాల వాళ్ళు. మా అమ్మమ్మ ఆయన్ని దేవుడనుకోలేదు. ఆవిడ అంతకుముందు ప్రతిసారీ ఇందిరమ్మకే వేసింది. ఈసారి ఎందుకు మార్చావు అంటే, "అయిదేళ్ళలో నలుగుర్ని మార్చారు కుర్చీలో, ఎవడి పేరూ నోరు తిరగలేదు నాకు" అంది. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. నిజమే కదా. మీద నుంచి అంజయ్యని బేగంపేట ఎయిర్‌పోర్టులో రాజీవ్‌గాంధీ అందరి ముందూ అవమానించాడన్న కథ ప్రతి మంగలి షాపులోనూ నలిగింది. కిలో రెండు రూపాయల బియ్యం అన్నది సరే, దాని లెక్క ఆడవాళ్ళే వేసుకున్నారు, మగాళ్ళు ఆత్మగౌరవం గురించి మాట్లాడుకుంటుంటే. సినిమా ఆయన్ని మా రోడ్డు దాకా తెచ్చింది, తెల్లారేదాకా జనాన్ని కూర్చోబెట్టింది. కానీ ఓటు వేయించినవి వేరే. ఈ రెండిటినీ కలిపేసి "సినిమా పిచ్చి" అంటే మా అమ్మమ్మకి అన్యాయం చేసినట్టే.

1983 జనవరి 5న పోలింగు. ఫలితాలు విన్నది పంచాయతీ ఆఫీసు రేడియోలో. దానికీ ఒక గొట్టం ఉండేది గానీ ఎప్పట్నుంచో మూగది, నాన్న ఆ రాత్రి తన గొట్టం తెచ్చి తగిలించాడు, కిరాయి లేకుండా. ఆకాశవాణి వాళ్ళు ఉద్వేగం లేకుండా చదువుతున్నారు, ప్రతి పేరుకీ కింద జనం అరుస్తున్నారు, దాంతో తర్వాతి పేరు వినపడక కొట్టుకుంటున్నారు. 294 సీట్లలో 200 దాటాయి. పుట్టి ఏడాది కాని పార్టీకి. 9న హైదరాబాదులో లాల్ బహదూర్ స్టేడియంలో ప్రమాణం చేశాడు. ఆ సంక్రాంతికి మా వీధిలో ముగ్గులన్నీ సైకిళ్ళే. చక్రాలు గుండ్రంగా రాక మా అక్క మూడుసార్లు చెరిపింది. మా వైపు వాళ్ళు ఆయన్ని సొంత మనిషి అనుకున్నారు, నిమ్మకూరు మాకు కూతవేటు. 1985లో గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్లా గెలిచి హిందూపురం ఉంచుకున్నప్పుడు మాత్రం అలిగారు. కొన్నాళ్ళు టీ బడ్డీ దగ్గర ఆయన పేరెత్తితే "హిందూపురం ఆయనా?" అనేవాళ్ళు.

1984 ఆగస్టు గురించి రాయాలంటే వేరే పోస్టు కావాలి. అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన మనిషిని ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ దించేశాడు, నాదెండ్ల భాస్కరరావు ఎక్కాడు, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న మళ్ళీ ఈయనే. ఆ నెల రోజులూ స్కూళ్ళు సరిగ్గా నడవలేదు, బస్సులు తిరగలేదు. నాకు బాగా గుర్తున్నది మా చింతచెట్టు కింద జరిగిన ఒక సభ. కమ్యూనిస్టులు, బీజేపీ వాళ్ళు, తెలుగుదేశం వాళ్ళు ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఉన్నది ఒకటే మైకు, రెండోదానికి ఆ రోజు మనసు కాలేదు. ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ మాట్లాడారు. ఎవరు ఏ పార్టీయో చూడకుండా నాన్న అందరికీ సమానంగా నాబ్ తగ్గించాడు.

ఆ డిసెంబరులో లోక్‌సభ ఎలక్షన్లు. ఇందిరాగాంధీ హత్య జరిగి రెండు నెలలు. కాంగ్రెస్ జీపులో ఆవిడ చివరి ప్రసంగం టేపు వేసుకుంటూ తిరిగారు, హిందీలో. మా ఊళ్ళో హిందీ వచ్చినవాళ్ళు హిందీ మేష్టారు ఒక్కరే. అయినా ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, అమ్మమ్మతో సహా. కళ్ళు తుడుచుకుని వెళ్ళి సైకిలుకి వేశారు. దేశమంతా కాంగ్రెస్ ఊడ్చేస్తే ఇక్కడ తెలుగుదేశానికి 30 ఎంపీ సీట్లు వచ్చాయి, లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం ఒక ప్రాంతీయ పార్టీ అయింది. గొంతు వినగానే కన్నీళ్ళొచ్చాయి కాబట్టి ఓటు కూడా అటే పడుతుందనుకునేవాళ్ళకి ఆ ఒక్క ఎలక్షన్ చాలు.

తర్వాత క్యాసెట్లొచ్చాయి, రికార్డుల పెట్టె అటకెక్కింది. క్యాసెట్టుతో వచ్చిన పెద్ద మార్పు ప్యారడీలు. అంతకుముందు పార్టీ పాట అంటే ఎవరో కవి రాయాలి, బాణీ కట్టాలి. ఇప్పుడు హిట్ పాట ట్యూన్ తీసుకుని మాటలు మార్చి పాడించి తెచ్చేవాళ్ళు. పెళ్ళిలో డ్యూయెట్ వేస్తే పిల్లలు దానికి పార్టీ మాటలు పాడేవాళ్ళు, అసలు మాటలు మరిచిపోయారు. 1989 ఎలక్షన్లలో రెండు పార్టీలూ ఒకే హిట్ పాటకి ప్యారడీ కట్టించాయి, ఎదురెదురు వీధుల్లో ఒకే ట్యూన్ మోగుతుంటే ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలిసేది కాదు.

తెర మీద కూడా తిట్లు మొదలయ్యాయి అప్పటికే. కృష్ణ కాంగ్రెస్ వైపు. 1987లో మండలాధీశుడు వచ్చింది, అందులో కోట శ్రీనివాసరావు ఎన్టీఆర్‌ని దించేశాడు, నడకా మాటా. ముఖ్యమంత్రిని అంత బాహాటంగా వెక్కిరించే సినిమా ఇవాళ తీస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మా ఊళ్ళో దానికి ప్రచారం మా బాబాయే చేశాడు, స్వతహాగా వీర ఎన్టీఆర్ అభిమాని అయ్యుండీ. "నేడే చూడండి" అన్నాడు గానీ "తప్పక" అనలేదు. ఆ మాత్రం పౌరుషం చూపించానని చెప్పుకునేవాడు. 1989లో కృష్ణ ఏలూరు నుంచి, జమున రాజమండ్రి నుంచి కాంగ్రెస్ ఎంపీలయ్యారు. ఎన్టీఆర్ కల్వకుర్తిలో ఓడిపోయాడు. సినిమా వాళ్ళందరూ ఒక పక్కే అన్న లెక్క ఏమీ లేదు.

నాన్న పద్దు పుస్తకం సంగతి చెప్పాలి. మైకు సెట్టు వాడికి పార్టీ ఉండకూడదు, బాకీ మాత్రం అన్ని పార్టీల దగ్గరా ఉంటుంది. అడ్వాన్సు అడగడం నాన్నకి నామోషీ. ఓడినవాడు ఓడిపోయాం కదా అని ఇవ్వడు. గెలిచినవాడు ఊళ్ళో ఉండడు. పుస్తకంలో నాన్న పార్టీల పేర్లు రాయకుండా గుర్తులు గీసేవాడు, సైకిలు, చెయ్యి, కంకీ కొడవలి, పక్కన అంకెలు. అమ్మ ఆ పుస్తకం చూపించి ఎప్పుడూ దెప్పేది.

1994 ఎలక్షన్లకి ఎన్నికల కమిషనర్ శేషన్ వచ్చాడు, అంటే ఆయన రూల్సు వచ్చాయి. మైకుకి పర్మిషన్, బండికి పర్మిషన్, రాత్రి పదికి బంద్, గోడల మీద రాతలు బంద్, ఖర్చు లెక్కలు చూపించాలి. పట్నం జనం ఆయన్ని దేవుడన్నారు. మా ఇంట్లో ఆయన పేరెత్తితే అమ్మ మెటికలు విరిచేది. ఎలక్షన్ అంటే మాకు సంవత్సరం బియ్యం మరి. నిజం చెప్పాలంటే పసిపిల్లలకీ, ముసలివాళ్ళకీ ఆ రాత్రుళ్ళు నరకంగా ఉండేవి, శేషన్ చేసింది మంచే. కానీ తెల్లారగట్ల దాకా కూర్చునే మీటింగు ఆయనతో అయిపోయింది. పదింటికి మైకు కట్టేస్తే పన్నెండింటికి వచ్చే నాయకుడి కోసం ఎవరు కూర్చుంటారు. అయినా ఆ ఎలక్షన్లో తెలుగుదేశానికి 216 వచ్చాయి, కాంగ్రెస్ 26 దగ్గర ఆగింది. సారా ఉద్యమం, మద్యనిషేధం హామీ, మళ్ళీ ఆడవాళ్ళ లెక్కే.

ఏడాది తిరగలేదు, 1995 ఆగస్టు. వైస్రాయ్ హోటల్, అల్లుడు చంద్రబాబు, ఎమ్మెల్యేలు, అందరికీ తెలిసిందే. పదవి పోయాక ఎన్టీఆర్ ఏం చేశాడో గుర్తుందా? క్యాసెట్టు రికార్డు చేశాడు. జామాతా దశమగ్రహం అని. ఎక్కడో సంపాదించి తెచ్చాడు బాబాయి. నాన్నా, బాబాయీ, నేనూ యాంప్లిఫయర్‌కి కాకుండా చిన్న టేప్ రికార్డరుకే పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసి విన్నాం. ఊరంతా అప్పటికే రెండు ముక్కలై ఉంది, గొట్టంలో వేస్తే గొడవలవుతాయి. రాజకీయాల్లోకి ఆ మనిషిని తెచ్చింది గొంతు, అన్నీ పోయాక మిగిలిందీ అదే అనిపించింది. బాబాయి ఏడ్చాడు. నాన్న ఏం మాట్లాడకుండా విని, రికార్డింగు బాగాలేదన్నాడు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయినప్పుడు మా రోడ్డు మీద ప్రతి ఊళ్ళోనూ ఘంటసాల భగవద్గీత మోగింది. ఈసారి ఎవరూ వచ్చి ఎవరు పోయారని అడగలేదు.

ఆ తర్వాత తిరుపతిలో చిరంజీవి పార్టీ పెట్టడం, 2009లో 18 సీట్లు, కాంగ్రెస్‌లో కలిపెయ్యడం, మొన్న 2024లో పవన్ కల్యాణ్ పోటీ చేసిన 21కీ 21 గెలవడం, ఇవన్నీ నేను టీవీలోనో ఫోన్లోనో చూసినవే. 2009లో నాన్న ఇంకా ఉన్నాడు. గుడివాడలో మీటింగుకి తీసుకెళ్తే, మనిషెత్తు స్పీకరు బాక్సులు చూసి, "జనం ఎంతమంది వచ్చారో చూడకు, పాట ఆపాక ఎంతమంది ఉన్నారో చూడు" అన్నాడు. పాట ఆగింది. చాలామంది ఉన్నారు, కానీ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు. దాన్ని ఏ లెక్కలో వెయ్యాలో ఆయనకి తెలియలేదు, "వింటున్నారంటావా?" అని నన్నే అడిగాడు.

ఇప్పుడు ఎలక్షన్ పాట సినిమా పాటలాగే రిలీజవుతుంది, టీజర్ కూడా వస్తుంది. మంచి గాయకులు, మంచి రికార్డింగు, నాన్న తప్పు పట్టడానికేం లేదు. బాబాయికి డెబ్భై దాటాయి, మనవడు ఫోన్లో రీల్స్ చూపిస్తుంటాడు. పాత డైలాగు ముక్కలకి ఇవాళ్టి నాయకుల బొమ్మలు అతికించినవి, ఆ కర్ణ సినిమా సభ సీను సహా. రీలు ముప్ఫై సెకన్లలో ఆగిపోయిన ప్రతిసారీ మిగతా డైలాగు బాబాయే పూర్తి చేస్తాడు, మనవడు ఆపమన్నా ఆపడు.

గొట్టాల్లో రెండు ఇంకా అటక మీద ఉన్నాయి. 2024 ఎలక్షన్ల ముందు ఏదో పార్టీ సోషల్ మీడియా కుర్రాళ్ళు కారులో వచ్చారు. పాతకాలం లుక్కుతో వీడియో తీస్తున్నారట, రిక్షా దొరికింది, గొట్టం మైకు కావాలి, సౌండు రాకపోయినా పర్లేదు, చూడ్డానికి ఉంటే చాలు అన్నారు. అమ్మ వాళ్ళని కూర్చోమని మజ్జిగ ఇచ్చి, ఏ పార్టీ అని కూడా అడక్కుండా, "కిరాయి ముందే ఇవ్వాలి బాబూ" అంది.